మూడో స్క్రూ

"మీ ఇల్లు రెండంతస్తులదా అక్కా?" పగిలిన స్విచ్చును వెనక్కి తిప్పి చూస్తూ అడిగాడు సాయిలు.

"నాది కాదు, తెలిసినోళ్లది. కోరుట్లల పెంకుటిల్లు. కింద ఒక్కటే," అంది శోభ.

"మరి గీ స్విచ్చు గా ఇంట్ల ఎందుకున్నది?"

శోభ వాచీ చూసుకుంది. ఉదయం ఎనిమిదీ పది. సిరిసిల్లలో సాయిలు పాత సామాను దుకాణం అప్పుడే తెరిచాడు. ఒకప్పుడు నాలుగు సాంచెల మీద బట్ట నేయించిన మనిషి. ఆ మరమగ్గాలు తుక్కు కింద పోయాక, మూతబడిన షెడ్లలో మిగిలిన మోటార్లు, ఫ్యూజు కట్టలు, స్విచ్చులు కొని తెచ్చి అమ్ముతున్నాడు. షెడ్ల వాళ్లు భీవండి వెళ్లిపోయారు. వాళ్ల గోడల మీదివన్నీ ఇతని అరల్లోకి చేరాయి.

"ఎందుకుండొద్దు?" అంది.

"మామూలు స్విచ్చుకు రెండు స్క్రూలుంటయి. ఒకదాంట్లకెల్లి కరెంటు అస్తది, ఇంకోదాంట్లకెల్లి పోతది. దీనికి మూడున్నయి, సూడు." చూపుడువేలి గోరుతో మూడో స్క్రూను తట్టాడు. "గిది మెట్ల కాడ పెట్టేది. కింద ఒత్తి బల్బు ఏస్తరు. పైకెక్కినంక పైన ఇంకోటి ఒత్తి ఆర్పుతరు. ఒక్క బల్బుకు రెండు స్విచ్చులు. గిది ఒక్కటే ఎన్నడుండది అక్కా. దీని జోడు ఎక్కడ్నో ఉంటది."

మెట్లు లేని ఇంట్లో మెట్ల స్విచ్చు. శోభ ఆ మాట చిన్న నోటు పుస్తకంలో రాసుకుంది.

నిన్న జగిత్యాలలో నాలుగు ఎలక్ట్రికల్ షాపులు తిరిగింది. నల్లగా గుండ్రంగా ఉండి, ఇత్తడి మూత, దాని మధ్య నాలుకలాంటి చిన్న మీట ఉన్న ఈ రకం ఇప్పుడెవరూ పెట్టడం లేదు. నలుగురూ ఒకే పేరు చెప్పారు, సిరిసిల్ల సాయిలు.

"గిసొంటిది ఉన్నదా నీ దగ్గర?"

"రెండుండె. గిప్పుడు ఒక్కటే."

"రెండోది?"

"పోయిన బుధవారం ఒక ముసలవ్వ కొనుక్కపోయింది."

శోభ పెన్ను ఆగింది. ముప్పయ్యేళ్లుగా ఎవరూ కొనని వస్తువు కోసం ఎనిమిది రోజుల తేడాతో ఇద్దరు వచ్చారు.

"ఎన్ని గంటలకు?"

"సద్ది ఇప్పిన. పన్నెండున్నర అయితుండె."

"ఏ ఊరన్నది?"

"వేములాడ అన్నది. గని సంచి మీద కోరుట్ల బట్టల దుకాణం పేరుండె. నాకెందుకు తియ్యని ఊకున్న. కొంగుల కట్టుకొని పగిలింది తెచ్చింది, అచ్చం గిసొంటిదే. కొత్తది చవుకల అస్తది, పెట్టుకో అవ్వా అన్న. కొత్తదానికి చెక్క దిమ్మ మార్చాలె, పనోన్ని పిలువాలె, పాతదే ఇయ్యి అన్నది." సాయిలు అర వైపు తిరిగాడు. "మల్ల ఒక మాట అడిగింది. ఒత్తితే సప్పుడు రాకుంట ఉండేది లేదా అని."

అరలోంచి మిగిలిన స్విచ్చు తీసి మీట నొక్కాడు. ఠక్కుమంది.

"గీ పాతవాటికి సప్పుడే అందం అక్కా. సప్పుడు లేనిది ఆమెకెందుకో."

*

జాడ తెలియకుండా పోయిన వాళ్లను వెతకడం శోభ వృత్తి. దుబాయి, మస్కట్, బహ్రెయిన్ వెళ్లి ఫోను ఆగిపోయిన వాళ్ల కోసం వాళ్ల ఆడవాళ్లు జగిత్యాల పాత బస్టాండు దగ్గర, టైలరింగ్ షాపు మీదున్న ఆమె గదికి వస్తారు. పదకొండేళ్లలో దాదాపు రెండు వందల మందిని వెతికింది. సగం మంది దొరికారు. దొరికిన వాళ్లలో అందరూ బతికి లేరు.

రెండేళ్లుగా ఆమె గదికి వస్తున్న దుర్గవ్వ భర్త మైసయ్య దొరకని వాళ్లలో ఒకడు. కోరుట్ల మనిషి. ఆరేళ్ల కింద అదే ఊరి వీరేందర్‌తో కలిసి, ఒకే ఏజెంటు ద్వారా, ఒకే కంపెనీకి దుబాయి వెళ్లాడు. మూడేళ్ల కింద వీరేందర్ పెట్టెలో తిరిగొచ్చాడు. ఊరవతల బొంద పెట్టారు. సరిగ్గా అప్పటి నుంచే మైసయ్య ఫోన్లు ఆగిపోయాయి. పదకొండు నెలల కింద అక్కడి ప్రభుత్వం ఆమ్నెస్టీ ఇచ్చి, కాగితాలు లేని వాళ్లను వెళ్లనిచ్చినప్పుడు, పాస్‌పోర్టుకు బదులుగా మైసయ్య పేరుతో ఇచ్చిన అవుట్‌పాస్ మీద ఒక మనిషి బొంబాయిలో దిగాడు. ఆ సంగతి బయటికి తీసింది శోభ కాదు, రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ ఎల్లేశం. ఉద్యోగం అయిపోయాక అతనూ ఇదే పనిలోకి దిగాడు. ఏజెంట్ల మనిషి.

"నీ మొగడు బతికే ఉన్నడు. బొంబాయిల దిగిండు. ఇంటికి రాలేదంటె ఇంకేం చెప్పాలె నీకు," అని దుర్గవ్వతో నలుగురిలో అన్నాడు. ఆ రోజు నుంచి దుర్గవ్వ ఏడవడం మానేసింది. మట్టెలు మాత్రం తీయలేదు. వాటిని చూసి నవ్వేవాళ్లు నవ్వుతూనే ఉన్నారు.

ఇప్పుడు ఆమె రాధిక టీచరు ఇంట్లో ఇసుక, సిమెంటు మోసే పనిలో ఉంది. మొన్న రాధికను వెంటబెట్టుకుని శోభ దగ్గరికి వచ్చింది ఆమే.

"నా పని కాదక్కా. గీ టీచరమ్మ ఇంట్ల ఏందో ఉన్నది. పనోళ్లంత ఇడిసిపెట్టి పోయిన్రు. జరంత జూడు," అంది.

రాధిక ఇచ్చిన పగిలిన స్విచ్చే శోభను సిరిసిల్ల దాకా తిప్పింది. రెండో స్విచ్చు కొని, రెండు బస్సులు మారి ఆమె కోరుట్లలో దిగేసరికి పదకొండూ ఇరవై.

*

ఆ ఇల్లు కల్లు కాంట్రాక్టరు హన్మండ్లు డెబ్బయి ఒకటిలో కట్టించింది. ఆయన పోయాడు. కొడుకు వీరేందర్ పెట్టె వచ్చాక, ఒంటరిగా మిగిలిన ఆయన భార్య సమ్మవ్వ అంత ఇల్లు ఊడ్చుకోలేక ఎనిమిది నెలల కింద సగం అమ్మేసింది. పడమటి సగం రాధికది. తూర్పు సగంలో సమ్మవ్వ ఉంటుంది. మధ్యలో ఒకటే గోడ.

"నేను గీ ఇల్లు కొన్నదే గీ స్విచ్చుల సప్పుడు ఇష్టమై అక్కా," అంది రాధిక. ఆమె ముఖంలో నిద్ర లేదు. "పన్నెండుంటె పదకొండు మంచిగ పనిచేసినయి. గీ ఒక్కటే దేనికో అర్థం కాలే. దీన్ని ఒత్తితే ఏ బల్బు ఎలుగది. గని మీటరు తిరుగుతది."

హాల్లో ఆ చివర గోడకు చెక్క దిమ్మ ఉంది. దాని మధ్య టేపు చుట్టిన మూడు తీగలు బయటికి వేలాడుతున్నాయి.

"కిందికి ఒత్తితే తిరిగేదా? మీదికా?" అడిగింది శోభ.

"గదే అక్కా నాకు భయం. ఒక దినం కిందికి ఒత్తితే తిరిగేది. ఇంకో దినం మీదికి అంటే తిరిగేది. ఒక్కోసారి నేను ముట్టకున్నా తిరిగేది."

రాధిక లెక్కల టీచరు. భయపడినా తేదీలు, సమయాలు రాయడం మానలేదు. గోడ క్యాలెండరు మీద, గళ్లలో సన్నటి అక్షరాలతో రాసి పెట్టింది. శోభ వాటిని వేలితో ఒక్కొక్కటే చదివింది. సోమవారం ఉదయం పదిన్నర వరకు చక్రం తిరిగింది. తర్వాత ఆగిపోయింది. మంగళవారం లేదు. బుధవారం లేదు. గురువారం పొద్దున ఆరుంపావుకు మళ్లీ తిరిగింది. శనివారం ఎలక్ట్రీషియన్ ఈ స్విచ్చు విప్పబోయి పగలగొట్టాడు. అప్పటి నుంచి ఈ గురువారం దాకా ఒక్కసారి కూడా తిరగలేదు.

"ఆ సోమవారం పదిన్నరకు ఏం పని జరిగింది?"

జవాబు దుర్గవ్వ చెప్పింది. గుమ్మం దగ్గర కొంగుతో చేతుల సున్నం తుడుచుకుంటూ నిలబడి ఉంది. "పైపు కోసం మేస్త్రీ గీ గోడకు ఉలి పెట్టి కొట్టిండు. అవతల ఏదో ఠంగుమని రాలింది. సమ్మవ్వ ఉరికచ్చి లొల్లి పెట్టింది. మేస్త్రీ ఇగ ముట్టలే."

సోమవారం గోడ అవతల ఏదో రాలి పగిలింది. బుధవారం ఒక ముసలావిడ అరవై కిలోమీటర్లు వెళ్లి, అక్కడ ఎవరూ తనను గుర్తుపట్టని దుకాణంలో మూడు స్క్రూల స్విచ్చు కొన్నది. గురువారం నుంచి మళ్లీ మీటరు తిరిగింది.

"దుర్గవ్వా, సమ్మవ్వ ఇల్లు ఎన్నడన్న ఊడ్చినవా?"

"మొన్న ఉగాదికి సున్నమేసిన. నన్ను మంచిగ జూస్తదక్కా. రోజు సల్ల తెచ్చి ఇస్తది. పండుగకు చీర పెట్టింది. ఇంతకు ముందు గంత లేకుండె."

"ఎప్పటిసంది?"

దుర్గవ్వ ఆలోచించింది. "ఏడాది గావస్తుంది."

"వాళ్ల నడిమి అర్రల గీ గోడకు అడ్డంగ షాబాదు బండలు ఎన్నున్నయి?"

"ఎనిమిది. తుడిసినప్పుడు లెక్కవెడ్త."

బండ రెండు అడుగులు. రాధిక హాల్లో తొమ్మిది. శోభ బయటికి వెళ్లి పడమటి మూల నుంచి సమ్మవ్వ నడిమి గది కిటికీ పక్క మూల దాకా అడుగులు వేసింది. గోడల మందం తీసేసినా, లోపలి బండల లెక్క కన్నా ఆరు అడుగులు ఎక్కువ వచ్చాయి. మళ్లీ కొలిచింది. మళ్లీ ఆరే. ఆ ఆరు అడుగులకు ఇటు తలుపు లేదు, అటు తలుపు కనిపించదు, వీధి వైపు కిటికీ లేదు. పైన పెంకు మాత్రం ఒకే వరుసగా సాగింది.

మెట్ల కోసం కాదు. రెండు పక్కల తలుపులున్న చీకటి అర్ర కోసం హన్మండ్లు ఆ స్విచ్చులు పెట్టించాడు. ఇటు నుంచి వెళ్లి వేస్తే, అటు బయటపడి ఆర్పుకోవచ్చు. ఇటు తలుపు మూసి సిమెంటు పూశారు. తీగలు తీయడం మర్చిపోయారు. ఆ బల్బు ఇప్పటికీ రాధిక మీటరు మీదే వెలుగుతుంది.

పన్నెండు కొట్టగానే కరెంటు పోయింది. కోరుట్లకు ఆ నెలలో పన్నెండు నుంచి రెండు దాకా కోత. శోభకు అదే కావలసింది. స్క్రూడ్రైవరు తీసుకుని సిరిసిల్ల స్విచ్చును పాత దిమ్మకు బిగించింది. మూడు తీగలు మూడు స్క్రూల కింద చక్కగా కూర్చున్నాయి. ఇత్తడి మూత తిప్పుతుంటే ఆమె చెవి గోడకు దగ్గరగా వచ్చింది.

గోడ అవతల ఎవరో దగ్గారు. ఒక్కసారే. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని దగ్గినట్టు.

శోభ వెనక్కి తిరిగి చూసింది. రాధిక విన్నది. దుర్గవ్వ విన్నది.

*

పన్నెండూ నలభైకి ఎల్లేశం వచ్చాడు. వెనకే సమ్మవ్వ. ఎనభై దగ్గరి మనిషి, ఎండలో నాలుగు అడుగులు నడిచినందుకే రొప్పుతోంది.

"ఏందమ్మా శోభా, టీచరమ్మకు దయ్యం వదలగొట్టనీకి అచ్చినవా?" ఎల్లేశం కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చేతిలో మడిచిన కాగితం. "ఉమ్మడి గోడ. అవ్వ సంతకం లేకుంట పెచ్చు సుత రాల్చొద్దు. ఫిర్యాదు రాసిచ్చింది."

"గోడ ముట్టలే సాబ్. స్విచ్చు పెట్టిన. స్విచ్చు టీచరమ్మది."

"పెట్టినవ్ గదా, అయిపోయింది. ఇగ పో."

"కరెంటు అచ్చేదాక ఉంట. పెట్టింది పనిచేస్తదో లేదో సూడాలె గదా."

అతను నవ్వాడు. "రెండేండ్లు గీ దుర్గవ్వను తిప్పుకున్నవ్. ఏం తెచ్చిచ్చినవ్? నేను పదిహేను దినాలల్ల అవుట్‌పాస్ నంబరు తెచ్చిన."

"నంబరు తెచ్చినవ్. మనిషిని తేలే."

"రానంటె ఎవ్వడు తెస్తడు?"

దుర్గవ్వ తల దించుకుంది. శోభ ఎల్లేశం వైపు చూడకుండా సమ్మవ్వ పక్కన నేల మీద కూర్చుంది.

"అవ్వా, పోయిన బుధవారం యాడికి పోయినవ్?"

"వేములాడకు. రాజన్న కాడికి."

"ఎప్పుడు పోయినవ్?"

"పొద్దుగాల."

"దర్శనానికి పోయినదానివి మొక్కు కోడెను కట్టినవా?"

"కట్టిన."

"దుర్గవ్వకు ప్రసాదం ఇయ్యలేదట."

సమ్మవ్వ కొంగు సర్దుకుంది. "మర్సిపోయిన బిడ్డా. ముసలిదాన్ని."

"పన్నెండున్నరకు సిరిసిల్లల ఉన్నవ్. కొంగుల కట్టుకున్న పగిలిన స్విచ్చు సుత సాయిలుకు యాదికున్నది. సప్పుడు రానిది లేదా అని అడిగినవట. ఒక్కదానివే ఉండేటి ఇంట్ల సప్పుడైతే ఎవ్వలకు కష్టం అవ్వా?"

"ముసలామెను సతాయిస్తవా?" ఎల్లేశం లేచాడు. "మూడేండ్ల కింద కొడుకును మన్నుల పెట్టిన మనిషి. గా పెట్టె నేనే తెచ్చిన. నాకెరుక ఆమె ఏడుపు."

"నాక్కూడ ఎరుక సాబ్. గందుకే రెండు దాక కూసుందమంటున్న."

ఒకటీ పది. ఒకటీ నలభై. ఎవరూ లేవలేదు. ఎల్లేశం రెండుసార్లు గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చాడు. వెళ్లిపోతే ఏం జరుగుతుందో చూడలేనని అతనికీ ఉన్నట్టుంది. ఇంట్లో ఫ్యాన్లు, ఫ్రిజ్జు, బల్బులు అన్నీ శోభ ముందే ఆపించింది. మీటరు పెట్టె తలుపు తీసి, అందరికీ చక్రం కనిపించేలా ఉంచింది. అంచు మీద ఎర్ర గుర్తు ఉన్న అల్యూమినియం చక్రం.

రెండు గంటలకు కరెంటు వచ్చింది. వీధిలో ఎవరి టీవీయో మొదలైంది. చక్రం కదలలేదు.

శోభ మీట కిందికి నొక్కింది. ఠక్.

ఎర్ర గుర్తు మెల్లగా పక్కకు జరిగింది. చాటుకు వెళ్లింది. మళ్లీ వచ్చింది. ఎక్కడో ఒక బల్బు వెలిగింది. ఐదు రోజుల తర్వాత.

"తీగెలల్ల తడి," అన్నాడు ఎల్లేశం.

అతని మాట పూర్తికాకముందే చక్రం ఆగింది. శోభ చెయ్యి స్విచ్చు మీద లేదు. రెండు చేతులూ అందరికీ కనిపించేలా ఒడిలో ఉన్నాయి.

రాధిక గోడకు ఆనుకుంది.

శోభ మళ్లీ నొక్కింది. చక్రం తిరిగింది. నాలుగు లెక్కపెట్టేంతలో ఆగింది. మళ్లీ నొక్కింది. తిరిగింది. ఈసారి రెండు లెక్కపెట్టేలోపే ఆగింది. గోడ అవతల, పల్చటి గుడ్డలో చుట్టినట్టుగా, ఇలాంటిదే ఒక ఠక్ వినిపించింది.

"తడి ఇంత హుషారుగ ఉంటదా సాబ్?" అంది శోభ. మళ్లీ మీట వైపు చెయ్యి చాచింది.

"ఇగ ఒత్తకు బిడ్డా," అంది సమ్మవ్వ. కళ్లు మూసుకునే ఉంది. "వాడు భయపడ్తడు."

*

సమ్మవ్వ నడిమి గదిలో ఇనుప బీరువాకు చక్రాలున్నాయి. ఆమె ఒక్కతే దాన్ని పక్కకు తోసింది. వెనక మూడడుగుల ఎత్తు తలుపు. గొళ్లెం లోపలి నుంచే ఉంది.

"ఎల్లు బిడ్డా. అయిపోయింది," అంది తలుపుతో.

చాలాసేపటికి గొళ్లెం కదిలింది. మోకాళ్ల మీద పాక్కుంటూ ఒక మనిషి బయటికి వచ్చాడు. ఎండ చూడక ముఖం పాలిపోయి ఉంది. గడ్డం గుండెల దాకా పెరిగింది. కిటికీ వెలుగుకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆ చేతి మీద 'వీరేందర్' అని పాత పచ్చబొట్టు.

రాధిక చప్పున అడుగు వెనక్కి వేసి గడపకు తట్టుకుంది. దుర్గవ్వ పక్కనున్న బీరువాను పట్టుకుంది. ఊరు ఊరంతా వెళ్లి మట్టి వేసి వచ్చిన మనిషి. ఆ రోజు సమ్మవ్వను పట్టుకుని దుర్గవ్వ కూడా ఏడ్చింది.

ఎల్లేశం మాత్రం కదలలేదు. శోభ చూపు ఒక్క క్షణం అతని మీద ఆగింది. తర్వాత వీధి తలుపు దగ్గరికి వెళ్లి గడియ వేసింది. స్టేషనుకు ఫోను చేయమని రాధికకు సైగ చేసింది.

వీరేందర్ ఎవరినీ చూడలేదు. దుర్గవ్వ పాదాల దగ్గరే చూపు పెట్టి మాట్లాడాడు. గొంతు గుసగుసలాగే వచ్చింది. గట్టిగా మాట్లాడటం మర్చిపోయినట్టు ఉంది.

"నేను తొయ్యలే అక్కా. పరంజా ఇరిగింది. మైసన్న తొమ్మిదో అంతస్తు కెల్లి పడ్డడు. నేను సూపర్‌వైజర్ను కొట్టిన కేసు మీద పోలీసులు నన్ను దేవులాడుతుండె. అందరు ఉరికచ్చే లోపల నా గుర్తింపు కార్డు ఆయన జేబుల పెట్టిన. ఆయన కార్డు తీసుకొని పోయిన. రెండేండ్లు ఆయన పేరు మీదనే ఎక్కడెక్కడ్నో పనిచేసిన. ఆయన పేరు మీదనే అవుట్‌పాస్ తీసుకొని అచ్చిన."

దుర్గవ్వ వింటోందో లేదో తెలియలేదు.

"గీ ఊళ్లె పెట్టె తెరుస్తరు, మొకం జూస్తరు, మైసన్ననే అని ఎరుకపడ్తరు, మీ ఇంటికి తోలిస్తరు అనుకున్న. నేను గదే లెక్కల ఉన్న అక్కా. ఇంటికచ్చి అవ్వను జూసినంకనే ఎరుకైంది, నా పేరు మీదనే బొంద పెట్టిన్రని. ఎవ్వలు తెరువలేదా?"

"నాకు గూడ అప్పుడే ఎరుకైంది బిడ్డా," సమ్మవ్వ దుర్గవ్వతో అంది. "గా దినం నేను నా కొడుకుకే ఏడ్చిన. వీడు బతికచ్చినంక నీకు చెప్పాలె అనుకున్న. సల్ల తెచ్చినప్పుడల్ల అనుకున్న. నోరు రాలే."

"అవ్వా, పెట్టె ఎందుకు తెరువలే?" అడిగింది శోభ.

"తెరిస్తే రోగం అస్తదన్నడు."

"ఎవ్వలు?"

సమ్మవ్వ ఎల్లేశం వైపు చూసింది.

"సర్కారు సీలు. తియ్యొద్దని రూలు," అన్నాడు ఎల్లేశం. "ఆడ ఏ కార్డు పెట్టి పంపిన్రో గదే తెచ్చిన. నన్నేం అడుగుతవ్?"

"ఒక్కటే అడుగుత సాబ్. చచ్చినోడు గోడలకెల్లి ఎల్లచ్చిండు. టీచరమ్మ బెదిరింది. దుర్గవ్వ బెదిరింది. నేను గూడ బెదిరిన. నువ్వెందుకు బెదరలే?"

అతను జేబులోంచి రుమాలు తీశాడు. ముఖం తుడుచుకోలేదు, ఊరికే చేతిలో పట్టుకున్నాడు.

"పెట్టెల వీరేందర్ లేడని నీకు ఎన్నడెరుక?"

బయట టీవీ మోగుతూనే ఉంది. ఎల్లేశం తలుపు వైపు చూశాడు. గడియ వైపు చూశాడు. ఆ తర్వాత చూసిన చూపులో పోలీసు లేడు.

"సిద్దిపేట దాటినంక వ్యాను గుంతల పడ్డది," అన్నాడు. "మూత ఒక దిక్కు లేషింది. సక్కగ పెడ్దామని ఆపిచ్చిన. లోపల ఉన్నది మైసయ్య. నాకెరుకనే. వెనుకకు తీస్కపోతె నెలలు పడుతది. కాయితాల మీద ఒకడు, పెట్టెల ఒకడు అంటె నేను ఇరుకుత, ఏజెంటు ఇరుకుతడు. గీడ వాకిట్ల ఊరంత నిలవడి ఉన్నది. బొంద తవ్వి పెట్టిన్రు." రుమాలును పిడికిట్లోకి మడిచాడు. "మొలలు నేనే కొట్టిన."

"తర్వాత బొంబాయి ముచ్చట చెప్పినవ్. ఈమె వెతుకుడు ఆగాలెనని."

అతను కాదనలేదు.

రాధిక ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఏడుస్తోంది. వీరేందర్ తల గోడకు ఆనించి కూర్చుండిపోయాడు. శోభ దుర్గవ్వ భుజం మీద చెయ్యి వేయబోయింది. ఆమె అప్పటికే కదిలింది.

దుర్గవ్వ వీరేందర్‌ను దాటింది. సమ్మవ్వను దాటింది. ఎల్లేశం ముందు నిలబడింది. నలుగురిలో అతను తన భర్త బతికున్నాడని చెప్పిన రోజు కూడా అంత దగ్గరగా నిలబడలేదు. పదకొండు నెలలుగా మైసయ్య పేరు ఆమె నోట రాలేదు. ఇప్పుడూ రాలేదు.

"మొకం ఎట్లుండె సాబ్?" అని అడిగింది.

ఎల్లేశం చేతిలోని రుమాలు వైపు చూశాడు.

"నువ్వొక్కనివే జూసినవ్ గదా," అంది దుర్గవ్వ మెల్లగా. "చెప్పు. ఎట్లుండె?"